పొగాకుపై పన్ను: ఇంటికి మేలా, భారమా?

2026 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో పొగాకు వస్తువుల పన్ను విధానం మారింది. సిగరెట్లపై వస్తు సేవల పన్ను 28 నుంచి 40 శాతానికి పెరిగింది. 2017 నుంచి దానికి తోడుగా వసూలు చేస్తూ వచ్చిన పరిహార సుంకం తొలగిపోయి, ఆ స్థానంలో కేంద్ర ఎక్సైజు సుంకం వచ్చింది. సిగరెట్టు పొడవును బట్టి ఇది వెయ్యింటికి 2,050 రూపాయల నుంచి 8,500 రూపాయల వరకు ఉన్నది. అంటే ఒక్కొక్క సిగరెట్టు మీద సుమారు రెండు రూపాయల నుంచి ఎనిమిదిన్నర రూపాయల దాకా ఈ సుంకమే పడుతుంది. వస్తు సేవల పన్ను దీనికి అదనం.

అదే రోజున బీడీలపై పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. బీడీ చుట్టే తునికాకుపై పన్నును 2025 సెప్టెంబరు 22నే 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. ఒకే పొగాకు ఒక రూపంలో ప్రియమై, మరొక రూపంలో చౌక అయిందన్న మాట.

దీనిపై మన మహబూబ్‌నగర్‌లో, పాన్ డబ్బాల దగ్గరా, నమాజు తరువాత మస్జిదు మెట్ల మీదా రెండు మాటలు వినవస్తున్నాయి. "ధర పెరిగితేనైనా మానుతారు" అన్నది ఒక మాట. "తాగేవాడు ఎంత ధరైనా పెట్టి తాగుతాడు, పస్తులుండేది ఇంట్లోవాళ్లు" అన్నది మరొక మాట. ఈ రెండవ మాట ఎక్కువగా స్త్రీల నోట వస్తుంది. దానిని తేలికగా తీసివేయరాదు. అది అనుభవం చెప్పించిన మాట. ఈ రెంటిలో ఏది ఎంతవరకు నిజమో లెక్కతో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధరకూ గిరాకీకీ ఉన్న లంకె

బియ్యం ధర పెరిగినంత మాత్రాన మనం సగం కడుపుకు తినము. మామిడిపండ్ల ధర పెరిగితే మాత్రం కొనడం తగ్గిస్తాము. ధర మారినప్పుడు గిరాకీ ఎంత మారుతుందో తెలిపే కొలతను అర్థశాస్త్రంలో డిమాండు వ్యాకోచత్వం అంటారు. పొగాకు వ్యసనవస్తువు గనుక దాని గిరాకీ ధరకు కదలదని చాలాకాలం భావించారు. ఆ భావన తప్పని అనేక దేశాల లెక్కలు తేల్చాయి. 1999లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన నివేదిక ప్రకారం ధర 10 శాతం పెరిగితే సంపన్న దేశాల్లో పొగాకు వాడకం 4 శాతం మేర, పేద, మధ్యతరగతి దేశాల్లో 8 శాతం మేర తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరువాతి అంచనాల్లో పేద దేశాల తగ్గుదలను సుమారు 5 శాతంగా చూపింది. అంకెలో తేడా ఉన్నా దిశ ఒక్కటే.

మన దేశంలో గృహ ఖర్చుల లెక్కలపై చేసిన ఒక అధ్యయనం 2008లో ప్రచురితమైంది. ధర 10 శాతం పెరిగితే వివిధ పొగాకు వస్తువుల వాడకం 4 నుంచి 9 శాతం దాకా తగ్గుతుందని అది చెప్పింది. అన్నిటికన్నా తక్కువగా కదిలేది సిగరెట్టు. అన్నిటికన్నా ఎక్కువగా కదిలేవి బీడీ, ఆకు పొగాకు. కారణం స్పష్టమే. బీడీ తాగేవాని జేబు చిన్నది. రూపాయి తేడా కూడా అతనికి తగులుతుంది.

ఇప్పుడు ఇంటి లెక్క వేద్దాము. నెలకు 1,000 రూపాయల సిగరెట్లు కాల్చే ఇంటిని తీసుకోండి. ధర 10 శాతం పెరిగి, వాడకం 4 శాతం తగ్గితే ఆ ఖర్చు 1,056 రూపాయలు అవుతుంది. అంటే పొగ తగ్గింది గాని ఖర్చు పెరిగింది. అదే 1,000 రూపాయల బీడీలు కాల్చే ఇంట్లో ధర 10 శాతం పెరిగి, వాడకం 9 శాతం తగ్గితే ఖర్చు 1,001 రూపాయలు. పొగ తగ్గింది, ఖర్చు మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉన్నది.

ఇవి సగటు లెక్కలు. సగటు వెనుక రెండు రకాల ఇళ్లున్నాయి. ఒక ఇంట్లో మనిషి పూర్తిగా మానివేస్తాడు, ఆ ఇంటికి మొత్తం డబ్బు మిగులుతుంది. మరొక ఇంట్లో మనిషి ఒక్కటి కూడా తగ్గించడు, ఆ ఇంటిపై పూర్తి భారం పడుతుంది. కనుక మస్జిదు మెట్ల మీది రెండు మాటలూ నిజమే. ఏ ఇంట్లో ఏ మాట నిజమవుతుందన్నది ఆ ఇంటి యజమాని నిర్ణయం మీద ఆధారపడి ఉన్నది.

మరొక సంగతి ఉన్నది. ధరకు అందరికన్నా ఎక్కువగా లొంగేది పిల్లలు, యువకులు. వారి చేతిలో డబ్బు తక్కువ, అలవాటు ఇంకా ముదరలేదు. ముప్పై ఏళ్లుగా కాలుస్తున్న తండ్రిని మాన్పించలేని ధర, పదహారేళ్ల కొడుకును మొదటి సిగరెట్టు ముట్టించకుండా ఆపగలదు. పన్ను చేసే అసలు మేలు ఇదే. ఇది వెంటనే కనిపించదు. ఇరవై ఏళ్ల తరువాత ఆసుపత్రి వరుసల్లో కనిపిస్తుంది.

పన్ను పెరిగినా ధర తగలనిదెందుకు?

మన దుకాణాల్లో సిగరెట్టు పెట్టెగా అమ్ముడుపోయేది తక్కువ, విడిగా అమ్ముడుపోయేది ఎక్కువ. విడి సిగరెట్టు కొనేవానికి పన్నెండు రూపాయలు పదమూడు కావడం పెద్దగా తెలియదు. పెట్టె మీద ముద్రించిన హెచ్చరిక బొమ్మ కూడా అతని కంట పడదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో విడి సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించింది ఈ కారణం వల్లనే.

రెండవది, పొడవు లెక్క. మన దేశంలో సుంకం సిగరెట్టు పొడవును బట్టి, ఫిల్టరు ఉండడాన్ని బట్టి మారుతుంది. ఒక తరగతిపై సుంకం పెంచినప్పుడు కంపెనీలు పక్క తరగతిలోకి జరుగుతాయి. 2008 కేంద్ర బడ్జెటులో ఫిల్టరు లేని సిగరెట్ల సుంకాన్ని ఫిల్టరు ఉన్నవాటితో సమానం చేశారు. 1930లో హైదరాబాదులో స్థాపితమైన వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీ చార్మినార్ పేరిట అమ్మిన ఫిల్టరు లేని సిగరెట్టు మన తండ్రుల తరానికి బాగా పరిచితం. అటువంటి సిగరెట్ల కాలం ఆ బడ్జెటుతో దాదాపు ముగిసింది, పొట్టి ఫిల్టరు సిగరెట్లు రంగంలోకి వచ్చాయి. 2014 బడ్జెటులో 65 మిల్లీమీటర్లకు మించని సిగరెట్లపై సుంకాన్ని ఏకంగా 72 శాతం పెంచారు, తక్కినవాటిపై పెంచింది 11 నుంచి 21 శాతం. తరగతులు ఉన్నంతకాలం ఈ దాగుడుమూతలు సాగుతూనే ఉంటాయి. అందుకే అన్ని సిగరెట్లపై ఒకే సుంకం ఉండాలని నిపుణులు కోరుతారు.

మూడవది, కూలితో పోలిక. ధర పెరిగిందా అని మాత్రమే చూస్తే చాలదు, కూలికన్నా వేగంగా పెరిగిందా అని చూడాలి. 2017 జూలైలో సిగరెట్లపై పరిహార సుంకాన్ని సవరించారు. ఆ తరువాత 2020, 2023 బడ్జెట్లలో విపత్తు నిధి సుంకాన్ని పెంచినా, పరిహార సుంకం మాత్రం ఏళ్ల తరబడి దాదాపు కదలలేదు. ఈ కాలంలో తెలంగాణలో ఉపాధి హామీ పథకం రోజు కూలి 2017-18లో ఉన్న 197 రూపాయల నుంచి 2025-26 నాటికి 307 రూపాయలకు చేరింది. అంటే 56 శాతం పెరుగుదల. కూలి నడుస్తూ, పన్ను నిలబడిపోతే, కూలివానికి సిగరెట్టు ఏటేటా మరింత అందుబాటులోకి వచ్చినట్లే. ఈ ఫిబ్రవరి పెంపు ఎనిమిదేళ్ల వెనుకబాటును సరిచేసే ప్రయత్నం. దానిని మళ్లీ ఎనిమిదేళ్లు కదలకుండా వదిలేస్తే ఫలితం కరిగిపోతుంది.

బీడీపై చూపే దయ ఎవరిపై దయ?

ఇక్కడ అసలు చిక్కు ఉన్నది. 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. 2009-10లో ఇది 34.6 శాతం. తగ్గడం సంతోషమే. అయితే రూపాలను విడదీసి చూడండి. సిగరెట్టు తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం, నమిలేవారు, చప్పరించేవారు 21.4 శాతం. అంటే సిగరెట్టు కన్నా బీడీ, బీడీ కన్నా ఖైనీ, జర్దా, గుట్కా ఎక్కువ. గుట్కాపై నిషేధం ఉన్నా అది చాటుగా దొరుకుతూనే ఉన్నది.

పన్ను వాటా దీనికి తలక్రిందులుగా ఉన్నది. గత విధానంలో చిల్లర ధరలో పన్ను వాటా సిగరెట్లకు సుమారు 53 శాతం, నమిలే పొగాకుకు సుమారు 64 శాతం, బీడీలకు సుమారు 22 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది కనీసం 75 శాతం. ఇప్పుడు బీడీ పన్ను ఇంకా తగ్గింది. సిగరెట్టు ప్రియమై బీడీ చౌక అయినప్పుడు కొందరు మానరు, బీడీకి మారతారు. బీడీలో పొగాకు తక్కువ, ఆకు సహజమైనది గనుక హాని తక్కువని పలువురు నమ్ముతారు. అది భ్రమ. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ బలంగా పీల్చాలి. ఊపిరితిత్తులకు, గుండెకు, గొంతుకు అది చేసే కీడు సిగరెట్టుకు తీసిపోదు.

బీడీ పన్ను తగ్గించడానికి చెప్పే కారణం కార్మికుల బ్రతుకుతెరువు. ఇది బూటకపు కారణం కాదు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, సిద్దిపేట ప్రాంతాల్లో లక్షలాది మహిళలు ఇంటి గడపలో కూర్చుండి బీడీలు చుడుతున్నారు. వారిలో ముస్లిం స్త్రీలు కూడా గణనీయంగా ఉన్నారు. ఇల్లు కదలకుండా నాలుగు రూపాయలు సంపాదించే దారి వారికి మరొకటి లేదు. రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయల పింఛను ఇస్తున్నదంటేనే ఆ పనిలో వచ్చే కూలి ఎంత స్వల్పమో తెలుస్తుంది. పొగాకు దుమ్ము పీల్చి దగ్గుతో, నడుము నొప్పితో బాధపడేది కూడా వారే.

అయితే ఆలోచించండి. బీడీని చౌకగా ఉంచితే చుట్టే స్త్రీకి కూలి పెరుగుతుందా? ఆమె కూలి కంపెనీ ఇచ్చే రేటు మీద ఆధారపడి ఉన్నది, పన్ను రేటు మీద కాదు. చౌక బీడీ కాల్చి క్షీణించేది మరొక పేద ఇంటి పురుషుడు. ఒక పేదరాలి పని నిలబెట్టడానికి మరొక పేదరాలి పసుపుతాడును, మన మాటలో చెప్పాలంటే ఆమె సుహాగ్‌ను, పణంగా పెట్టడం దయ అనిపించుకోదు. బీడీపై పన్ను పెంచి, ఆ డబ్బులో ఒక భాగాన్ని చుట్టేవారికి కుట్టుపని, పాడి, ఇతర వృత్తులు కల్పించేందుకే కేటాయించడం ఉచితమైన మార్గం. ఫిలిప్పీన్స్ దేశం ఇటువంటి దారి చూపింది. 2012లో చేసిన చట్టంతో సిగరెట్ల పన్ను గట్టిగా పెంచి, అదనపు ఆదాయంలో అధిక భాగాన్ని పేదల ఆరోగ్య బీమాకు మళ్లించింది. 2009లో 28.3 శాతంగా ఉన్న పొగత్రాగేవారి వాటా 2015 నాటికి 22.7 శాతానికి తగ్గింది. పన్ను పేదల నుంచే వచ్చినా, ఫలం పేదలకే తిరిగి చేరింది.

తుంగభద్ర ఒడ్డున అలంపూర్ ప్రాంతంలో పొగాకు పండించే రైతుల ప్రశ్న కూడా ఇటువంటిదే. వాడకం ఒక్క రాత్రిలో పడిపోదు, ఏళ్ల మీద తగ్గుతుంది. పంట మార్చుకోవడానికి ఆ వ్యవధి ఉన్నది. ప్రభుత్వం చేయూత ఇవ్వాలి.

దొంగరవాణా పెరుగుతుందన్న మాట కూడా వింటుంటాము. విదేశీ సిగరెట్లు దొంగచాటుగా రావడం నిజమే, హైదరాబాదు విమానాశ్రయంలో అటువంటివి పట్టుబడుతూనే ఉన్నాయి. దొంగను అరికట్టవలసింది నిఘాతో. దొంగకు జడిసి పన్ను తగ్గించడం సరైన పరిష్కారం కాదు.

ఇంట్లో తగ్గేదేమిటి?

ఒక ఇంట్లో రోజుకు అయిదు సిగరెట్లు, ఒక్కొక్కటి 12 రూపాయలు అనుకుందాము. రోజుకు 60, ఏడాదికి 21,900 రూపాయలు. 307 రూపాయల రోజు కూలితో భాగిస్తే 71 రోజుల కష్టం. రోజుకొక బీడీ కట్ట, ధర 30 రూపాయలు అనుకున్నా ఏడాదికి 10,950 రూపాయలు, అంటే 35 రోజులకు పైబడిన కష్టం. ఎండలో మట్టి మోసిన నెల రోజుల కూలి పొగగా పోతున్నది.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నది? భారతీయ కుటుంబాల ఖర్చులపై 2008లోనే వెలువడిన మరొక అధ్యయనం దీనిని పరిశీలించింది. పొగాకు వాడే కుటుంబాలు పాలు, చదువు, వంట గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనాలపై తక్కువ ఖర్చు చేస్తున్నాయని తేలింది. పాలు పిల్లలవి, చదువు పిల్లలది, వంటింటి పొగ తల్లిది. ఒకరి నోటి పొగకు ముగ్గురి వాటా కరిగిపోతున్నది.

మద్రసాలో పెద్ద తరగతి విద్యార్థులకు నేను వారసత్వ వాటాల లెక్క బోధిస్తాను. ఎవరి వాటా ఎంతో పైసతో సహా తేల్చాలని ఆ శాస్త్రం నేర్పుతుంది. మనిషి మరణించిన తరువాత వాటా తప్పితే కోర్టుకెక్కే మనం, బ్రతికి ఉండగానే రోజూ తప్పుతున్న భార్యాబిడ్డల వాటాను లెక్కించము. భార్యాబిడ్డల నఫఖా, అంటే పోషణ, భర్తపై విధి. అది అతని దయాదాక్షిణ్యం కాదు. విధి తీరిన తరువాత మిగిలినదే అతని సొంతం.

వ్యాధి ఖర్చు దీనికి అదనం. 2017-18లో పొగాకు వల్ల దేశానికి కలిగిన ఆర్థిక నష్టం 1.77 లక్షల కోట్ల రూపాయలని ఒక అంచనా. ఈ పెద్ద అంకె మనకు హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద చాప పరచుకుని కూర్చున్న పాలమూరు కుటుంబాల రూపంలో కనిపిస్తుంది. చికిత్స ఉచితమే కావచ్చు. దారి ఖర్చులు, పోయిన కూలి, తాకట్టు పెట్టిన నగ ఉచితం కావు.

నిషేధం, పన్ను, మనస్సు

పొగాకుతో రాజ్యాల పోరాటం కొత్తది కాదు. మన పొరుగున ఉన్న బీజాపూర్ దర్బారు నుంచి అసద్ బేగ్ అనే రాయబారి 17వ శతాబ్ది ఆరంభంలో అక్బర్ సముఖానికి పొగాకు తీసుకువెళ్లాడు. కొద్ది ఏళ్లకే, 1617లో, జహంగీర్ దానిని నిషేధించవలసి వచ్చింది. ఉస్మానీ సుల్తాన్ నాలుగవ మురాద్ 1633లో నిషేధించి మరణదండన కూడా విధించాడు. ఏ నిషేధమూ నిలవలేదు. ఆ శతాబ్దం ముగిసేలోపే ఉస్మానీ ప్రభుత్వం నిషేధం మాని పన్ను బాట పట్టింది.

ఇరాన్‌లో మరొక సంఘటన జరిగింది. 1890లో అక్కడి షా దేశంలోని పొగాకు వ్యాపారమంతటినీ ఒక ఆంగ్లేయునికి ధారాదత్తం చేశాడు. 1891 డిసెంబరులో మీర్జా షీరాజీ పేరిట పొగాకు వాడకం తగదని ఫత్వా వెలువడింది. దేశమంతటా హుక్కాలు మూలపడ్డాయి. రాజభవనంలో సైతం వాడకం ఆగిపోయిందని చరిత్రకారులు రాశారు. 1892 జనవరిలో షా ఒప్పందాన్ని రద్దు చేసుకున్నాడు. ఖడ్గం చేయలేని పని మనస్సు చేసింది. అయితే ఆ ఫత్వా లక్ష్యం విదేశీ గుత్తాధిపత్యం. అది తొలగగానే ఫత్వా ఉపసంహరించబడింది, హుక్కాలు మళ్లీ వెలిగాయి.

పొగాకు ధర్మసమ్మతి గురించి ఉలమాలో భిన్నాభిప్రాయం ఉన్న మాట వాస్తవం. 1731లో దమస్కులో మరణించిన హనఫీ పండితుడు అబ్దుల్ గనీ నాబులుసీ దీనిని ముబాహ్ అంటూ ప్రత్యేక గ్రంథమే రాశారు. పెక్కుమంది మక్రూహ్ అన్నారు. తరువాతి కాలంలో సౌదీ ముఫ్తీ ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం వంటివారు హరామ్ అన్నారు. గమనించవలసినది, నాబులుసీ కాలానికి క్యాన్సర్‌తో దీని సంబంధం ఎవరికీ తెలియదు. బ్రిటన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు దానిని అంకెలతో చూపినది 1950లో. తెలియని కాలపు అభిప్రాయాన్ని తెలిసిన కాలంలో సాకుగా చూపడం పండితుల పట్ల న్యాయం కాదు.

గల్ఫ్ అనుభవం కూడా మన ఇళ్లకు తెలిసినదే. సౌదీ అరేబియా 2017 జూన్ నుంచి, యు.ఎ.ఇ. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి పొగాకుపై 100 శాతం ఎక్సైజు పన్ను విధించాయి. పెట్టె ధర దాదాపు రెండింతలైంది. ఇంటికి పంపవలసిన రియాళ్లను లెక్కపెట్టుకునే కార్మికునికి ఆ ధర ప్రతి పూటా ఒక ప్రశ్న వేసింది: పెట్టె కావాలా, ఇంటికి మరికొంత పంపాలా?

మన ఇళ్లలో చేయదగినవి

ధర ఒక అవకాశం ఇస్తుంది. దానిని అందుకోవలసింది ఇల్లే.

మొదట, లెక్క రాయండి. ఒక నెలపాటు పొగాకుకు పెట్టిన ప్రతి రూపాయినీ గోడ క్యాలెండరు మీద రాయండి. పోట్లాట అవసరం లేదు, నెలాఖరు మొత్తమే మాట్లాడుతుంది.

రెండవది, ధర పెరిగినప్పుడు బీడీకో, ఖైనీకో, అంబర్‌కో మారడం మానడం కాదు. మానే నిర్ణయానికి ఒక తేదీ పెట్టుకోండి. రమజాన్ నెలలో పగలంతా పొగాకు లేకుండా ఉండగలిగినవారు రాత్రి కూడా ఉండగలరు, ఆ నెలను ఆరంభంగా చేసుకోవచ్చు.

మూడవది, "అబ్బాకు కట్ట తెచ్చిపెట్టు బేటా" అంటూ పిల్లలను దుకాణానికి పంపకండి. 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడం, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. అయినా పిల్లల చేతికి కట్ట అందుతున్నదంటే దుకాణదారుని తప్పుతో పాటు పంపినవారి తప్పు కూడా ఉన్నది.

నాలుగవది, మానాలనుకునేవారిని ఎగతాళి చేయకండి. ఒకటి రెండు సార్లు తప్పి మళ్లీ ముట్టించడం ఈ వ్యసనంలో మామూలు. జాతీయ సహాయ కేంద్రం 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా తీసుకోవచ్చు. ఆ నంబరు పొగాకు పెట్టెల మీదనే ముద్రించి ఉంటుంది.

అయిదవది, మస్జిదు కమిటీలు, మద్రసాల నిర్వాహకులు తమ పరిసరాల్లోని దుకాణదారులతో మంచిగా మాట్లాడాలి. విడి సిగరెట్లు పిల్లలకు అమ్మబోమని వారి చేత మాట తీసుకోవాలి. బెదిరింపుకన్నా ఇరుగుపొరుగు మాట ఎక్కువ పనిచేస్తుంది.

మిగిలిన డబ్బును మిగిలినట్లుగా చూపడం కూడా ముఖ్యమే. మానిన నాటి నుంచి ఆ రూపాయలను ఒక డబ్బాలో వేయండి. రోజుకు 30 చొప్పున మూడు నెలలకు 2,700 అవుతాయి. బిడ్డ స్కూలు ఫీజుకో, ఇంటికి పాలకో, తల్లి మందులకో ఖర్చు పెట్టి, "ఇది మీరు మానిన డబ్బు" అని అందరి ఎదుటా చెప్పండి. పన్ను వేసేది ప్రభుత్వం. ఆ పన్నును తన ఇంటి నుంచి ఎత్తివేసే అధికారం మాత్రం ప్రతి ఇంటి యజమాని చేతిలో ఉన్నది. ఆ అధికారాన్ని వాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.